టెండర్‌లో అంకె మారిస్తే బ్లాక్‌చైన్ పట్టిస్తుంది.. మరి అంచనాలోనే పెంచేస్తే?

మధ్యప్రదేశ్ జల నిగమ్ 2018లో సత్నా, రాజ్‌గఢ్ జిల్లాల పల్లెలకు తాగునీరు అందించే పథకాల కోసం మూడు టెండర్లు పిలిచింది. అంతా ఆన్‌లైన్. కాగితం లేదు, పెట్టె లేదు, ఆఫీసు గుమ్మం దగ్గర బౌన్సర్లు లేరు. కాంట్రాక్టర్లు తమ రేట్లను డిజిటల్ సంతకంతో లాక్ చేసి పోర్టల్‌లో వేశారు. తేదీ వచ్చినప్పుడు తెరిచారు. అతి తక్కువ రేటు వేసినవాడికి, అంటే మన భాషలో ఎల్-1 కి, పని దక్కింది.

అక్కడితో అయిపోయేదే. కానీ స్వల్ప తేడాతో ఓడిపోయిన ఒక పెద్ద నిర్మాణ కంపెనీకి అనుమానం వచ్చి ఫిర్యాదు చేసింది. పోర్టల్‌ను చూసే ప్రభుత్వ సంస్థ లోపలి రికార్డులు తీసి చూస్తే అసలు విషయం బయటపడింది. గడువు లోపల వేసిన రేట్లు ఆ తర్వాత మారాయి. అందరికంటే తక్కువ ఎంతో తెలుసుకుని, దానికంటే కాస్త కిందకి ఒకరి రేటును దించేశారు. ఆ టెండర్లు రద్దయ్యాయి. 2019 ఏప్రిల్‌లో ఆ రాష్ట్ర ఆర్థిక నేరాల విభాగం ఎఫ్ఐఆర్ పెట్టింది. అప్పటికి అనుమానం మూడు టెండర్లతో ఆగలేదు. తొమ్మిదికి చేరింది, వాటి విలువ సుమారు 3,000 కోట్ల రూపాయలు. ఎఫ్ఐఆర్‌లో పేర్లున్న కంపెనీల్లో హైదరాబాద్‌వి కూడా ఉన్నాయి. 2021 జనవరిలో ఈడీ ఇక్కడ కూడా సోదాలు చేసింది.

ఎవరు దోషి అన్నది కోర్టుల పని, ఈ వ్యాసానికి దాంతో సంబంధం లేదు. ఇక్కడ చూడాల్సింది ఒక్కటే. డిజిటల్ సంతకం, పాస్‌వర్డ్, ఎన్‌క్రిప్షన్ అన్నీ ఉన్న పోర్టల్‌లో, సీలు వేసిన రేటు ఎలా మారింది? మారినా మిగతా కాంట్రాక్టర్లకు ఎందుకు తెలియలేదు?

జవాబు సింపుల్. పుస్తకం ఒకరి దగ్గరే ఉంది. కంచే చేను మేస్తే ఆపేవాడు లేడు. ప్రభుత్వ టెండర్లను బ్లాక్‌చైన్ మీద నడపాలి అనే మాట గత పదేళ్లుగా ప్రపంచమంతా వినిపిస్తున్నది సరిగ్గా ఈ కారణంతోనే.

బ్లాక్‌చైన్ అంటే బిట్‌కాయిన్ కాదు

బ్లాక్‌చైన్ అనగానే చాలామందికి బిట్‌కాయిన్, ఆన్‌లైన్ ట్రేడింగ్, వాట్సాప్‌లో వచ్చే మోసపు స్కీములు గుర్తొస్తాయి. ఆ అనుమానం తప్పు కాదు. కానీ బిట్‌కాయిన్ అనేది బ్లాక్‌చైన్ మీద నడిచే ఒక వస్తువు మాత్రమే. అసలు బ్లాక్‌చైన్ అంటే ఒక లెక్కల పుస్తకం. పాత పద్ధతిలో చెప్పాలంటే బహీఖాతా.

బేగంబజార్‌లో హోల్‌సేల్ దుకాణం నడిపే ఏ పాత సేఠ్‌ని అడిగినా ఖాతా పుస్తకం ఎలా రాయాలో చెప్తాడు. పేజీ నిండగానే కింద మొత్తం వేస్తారు. అదే మొత్తాన్ని తర్వాతి పేజీ పైన మళ్లీ రాసి అక్కడి నుంచి మొదలుపెడతారు. బీకాం చదివినవాళ్లకు ఇది ‘క్యారీడ్ ఫార్వర్డ్’, ‘బ్రాట్ ఫార్వర్డ్’. ఎవరైనా పదో పేజీలో ఒక అంకె దిద్దితే ఆ పేజీ మొత్తం మారుతుంది. అప్పుడు పదకొండో పేజీ పైన ఉన్న మొత్తంతో కలవదు. దాన్నీ దిద్దాలి. తర్వాత పన్నెండు, పదమూడు.. చివరి పేజీ దాకా దిద్దుకుంటూ పోవాలి.

బ్లాక్‌చైన్ ఇదే పనిని ఇంకా కఠినంగా చేస్తుంది. పేజీని ‘బ్లాక్’ అంటారు. పేజీ కింద వేసే మొత్తం స్థానంలో ‘హ్యాష్’ ఉంటుంది. హ్యాష్ అంటే ఆ పేజీలో ఉన్న సమాచారం అంతటికీ ఒక లెక్క ప్రకారం తీసిన వేలిముద్ర. ఎక్కువగా వాడే పద్ధతిలో ఇది అంకెలు, అక్షరాలు కలిసిన 64 గుర్తుల వరుస. ఫైలు ఒక పేజీ ఉన్నా వెయ్యి పేజీలున్నా వేలిముద్ర పొడవు అంతే. పేజీలో ఒక్క సున్నా మార్చినా వేలిముద్ర పూర్తిగా వేరే వస్తుంది. వేలిముద్రను చూసి లోపల ఏముందో మాత్రం వెనక్కి లెక్కగట్టలేం. ఒక పేజీ వేలిముద్రను తర్వాతి పేజీ మొదట్లో రాస్తారు. అలా పేజీలన్నీ గొలుసులా కలుస్తాయి.

ఇంతవరకే అయితే సేఠ్ ఓపికగా కూర్చుని రాత్రికి రాత్రి పుస్తకం మొత్తం తిరగరాయొచ్చు. అందుకే రెండో జాగ్రత్త. ఆ పుస్తకం కాపీ ఒకరి దగ్గర కాదు, పది మంది దగ్గరో, వెయ్యి మంది దగ్గరో ఉంటుంది. కొత్త పేజీ చేరాలంటే ముందుగా పెట్టుకున్న రూల్ ప్రకారం వాళ్లంతా సరిచూసుకుని ఒప్పుకోవాలి. ఒకడు తన కాపీని దిద్దుకుంటే మిగతా కాపీలతో కలవదు. దొరికిపోతాడు.

అంటే బ్లాక్‌చైన్ దొంగతనాన్ని ఆపే తాళం కాదు. దిద్దుబాటు జరిగితే దాచలేని పుస్తకం. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతాదంతా తేలికగా అర్థమవుతుంది.

సీల్డ్ కవర్ ఎలా పని చేస్తుంది

ఇప్పుడు ఆ మధ్యప్రదేశ్ టెండర్‌నే ఇలాంటి పుస్తకంలో నడిపి ఉంటే ఏం జరిగేదో చూద్దాం. ఉదాహరణకు ఒక కాంట్రాక్టర్ 116 కోట్లకు వేద్దామనుకున్నాడు. గడువుకు ముందు తన రేటును ఎవరికీ చెప్పడు, పోర్టల్‌కు కూడా. తన కంప్యూటర్‌లోనే ఆ రేటు పత్రానికి ఒక రహస్య సంఖ్య కలిపి వేలిముద్ర తీస్తాడు. ఆ వేలిముద్రను మాత్రమే అందరికీ కనిపించే పుస్తకంలో వేస్తాడు. రహస్య సంఖ్య ఎందుకంటే, టెండర్ రేట్లు ఊహించగలిగే అంకెలు. 110 కోట్ల నుంచి 120 కోట్ల దాకా ఒక్కో రేటుకూ వేలిముద్ర తీసి పోల్చి చూడటం కంప్యూటర్‌కు పెద్ద పని కాదు. రహస్య సంఖ్య తోడైతే ఆ ఆట సాగదు.

గడువు ముగిశాక అందరూ తమ అసలు రేటు, రహస్య సంఖ్య బయటపెడతారు. ఎవరైనా సరే వాటితో మళ్లీ వేలిముద్ర తీసి, ముందు వేసినదాంతో కలుస్తుందో లేదో చూసుకోవచ్చు. 116ను 112 చేస్తే కలవదు. ఆఫీసర్ చేసినా, సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగి చేసినా, కాంట్రాక్టర్ స్వయంగా చేసినా కలవదు. ఓడిపోయినవాడు ఫిర్యాదు పట్టుకుని తిరగనక్కర్లేదు, ఇంట్లో కూర్చుని చెక్ చేసుకోవచ్చు. గెలిచినవాడి మీద అనవసరంగా నింద పడకుండా కూడా ఇది కాపాడుతుంది. ఆ మాట ఎవరూ అనరు కానీ నిజాయితీగా తక్కువకు వేసి పని తెచ్చుకున్న చిన్న కాంట్రాక్టర్‌కు అది చాలా పెద్ద విషయం.

ఒక చిక్కు ఉంది. ఓడిపోతాను అనుకున్నవాడు, లేదా మధ్యలో ఎవరితోనో సెటిల్ చేసుకున్నవాడు, గడువు తర్వాత అసలు రేటు బయటపెట్టకుండా తప్పుకుంటే? అందుకే ధరావతు సొమ్ము, మనం ఈఎండీ అంటాం, జప్తు చేసే రూల్ దీనికి కలపాలి. టెక్నాలజీ ఒక్కటే సరిపోదని మొదటి మెట్టులోనే తెలిసిపోతుంది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఈ సగం లాభానికి బ్లాక్‌చైన్ కూడా అక్కర్లేదు. గడువు ముగిసిన నిమిషంలో వచ్చిన అన్ని టెండర్ల వేలిముద్రల జాబితాను పోటీలో ఉన్న ప్రతి ఒక్కరికీ మెయిల్‌లో, ఎస్ఎంఎస్‌లో పంపేస్తే చాలు. పది మంది దగ్గర ఆ జాబితా ఉంటే తర్వాత ఎవరు మార్చగలరు? కోట్ల రూపాయల ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ చవకైన పని ఎక్కడా కనిపించదు. కమీషన్ రాని పని కదా అని ఎవరైనా నవ్వితే తప్పు పట్టలేం.

కాపీలు ఎవరి దగ్గర?

ప్రభుత్వాలు “మేం బ్లాక్‌చైన్ తెచ్చాం” అని ప్రకటించినప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే. బిట్‌కాయిన్, ఇథీరియం లాంటివి బహిరంగ గొలుసులు. ఎవరైనా కాపీ పెట్టుకోవచ్చు, ఎవరైనా చూడొచ్చు. ప్రభుత్వాలకు ఎక్కువగా నచ్చేది రెండో రకం, అనుమతి ఉన్నవాళ్లే కాపీ పెట్టుకునే గొలుసు. అందులో తప్పేం లేదు. ఖర్చు తక్కువ, వేగం ఎక్కువ. కానీ ఆ అనుమతి ఎవరికి ఇచ్చారన్నది ముఖ్యం.

కేంద్ర ఐటీ శాఖ 2024 సెప్టెంబర్‌లో ‘విశ్వస్య’ పేరుతో జాతీయ బ్లాక్‌చైన్ వేదికను ప్రారంభించింది. దాని కాపీలు భువనేశ్వర్, పుణె, హైదరాబాద్‌లోని ఎన్ఐసీ డేటా సెంటర్లలో ఉంటాయి. వరద వచ్చినా, మంటలొచ్చినా, హ్యాకర్ ఒకచోట చొరబడినా రికార్డు పోకుండా ఉండటానికి ఇది మంచి ఏర్పాటు. కానీ మూడు ఊళ్లలో ఉన్నా మూడూ ఒకే సంస్థవి. పైనుంచే ఒత్తిడి వస్తే మూడు కాపీలూ ఒకేసారి మారే అవకాశం లేదని బయటివాడు ఎలా నమ్మాలి? టెండర్ల పుస్తకం విషయంలో ఒక కాపీ కాగ్ దగ్గర, ఒకటి హైకోర్టు దగ్గర, ఒకటి యూనివర్సిటీలో, ఒకటి కాంట్రాక్టర్ల సంఘం దగ్గర, ఒకటి ప్రతిపక్షం కూర్చునే ప్రజాపద్దుల కమిటీ దగ్గర ఉంటే అప్పుడు దాన్ని గొలుసు అనొచ్చు. ఒకే బీరువాలో మూడు జిరాక్సులు పెడితే దానికి అంత పెద్ద పేరు అక్కర్లేదు.

తెలంగాణలో ఈ టెక్నాలజీ కొత్తేం కాదు. 2018 ఆగస్టులోనే హైదరాబాద్‌లో అంతర్జాతీయ బ్లాక్‌చైన్ కాంగ్రెస్ జరిగింది. చిట్‌ఫండ్‌ల మీద నిఘాకు ‘టీ-చిట్స్’ పేరుతో రిజిస్ట్రేషన్ల శాఖ దీన్ని వాడింది. చిట్టీ పాట కూడా ఒక రకమైన వేలమే కాబట్టి అక్కడ పనికొచ్చింది అంటే అర్థం చేసుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ 2017లో భూముల రికార్డుల కోసం ఒక స్వీడన్ కంపెనీతో కలిసి పైలట్ ప్రాజెక్టు చేసింది. టెండర్ల దగ్గరకు వచ్చేసరికి మాత్రం ప్రపంచంలో ఎక్కువగా చెప్పుకునే ప్రయోగం మన దేశంలో కాదు, కొలంబియాలో జరిగింది.

కొలంబియా పిల్లల భోజనం

దక్షిణ అమెరికా దేశమైన కొలంబియాలో బడి పిల్లలకు ప్రభుత్వం భోజనం పెడుతుంది. మన మధ్యాహ్న భోజన పథకం లాంటిదే. అక్కడ సరఫరా కాంట్రాక్టుల్లో ఏళ్ల తరబడి గోల్‌మాల్ జరిగింది. కార్తాహేనా నగరంలో చికెన్ ముక్కకు బజారు ధర కంటే నాలుగు రెట్లు ఎక్కువ బిల్లు వేసిన సంగతి ప్రపంచమంతా తెలిసింది. పేద పిల్లల పళ్లెంలో తిన్న డబ్బు అది.

ఆ దేశ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం, వరల్డ్ ఎకనామిక్ ఫోరమ్, ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంక్ కలిసి ఈ కాంట్రాక్టుల కోసం ఇథీరియం బహిరంగ గొలుసు మీద ఒక నమూనా సాఫ్ట్‌వేర్ తయారు చేశాయి. టెండర్ షరతులు ముందే పుస్తకంలో ఎక్కుతాయి. పోటీ మొదలయ్యాక, నచ్చినవాడి కోసం వాటిని మార్చడం కుదరదు. జనం షరతుల మీద అభ్యంతరం రాయొచ్చు, దాన్ని చెరపలేరు. రేట్లు వేలిముద్రల రూపంలో వస్తాయి, గడువు తర్వాతే తెరుచుకుంటాయి.

2020 జూన్‌లో వాళ్లు రిపోర్టు ఇచ్చారు. ఈ రిపోర్టు విలువ ఏమిటంటే, డబ్బా కొట్టలేదు. ఇబ్బందులు ఒప్పుకుంది. బహిరంగ గొలుసులో ప్రతి ఎంట్రీకి ఫీజు కట్టాలి, రద్దీ ఉంటే ఆ ఫీజు పెరుగుతుంది. వేల టెండర్లు ఒకేసారి వస్తే వేగం సరిపోదు. ఫలానా ఖాతా నుంచి ఎంట్రీ వచ్చిందంటే అది ఏ కంపెనీదో ఊహించొచ్చు. అలా పోటీదారుల పేర్లు ముందే బయటపడితే రింగు కట్టేవాళ్లకు మనమే లిస్టు ఇచ్చినట్టు. వీటన్నిటికంటే పెద్దది చివరి మాట. హోటల్ గదిలో చేతులు మారే డబ్బును, కాంట్రాక్టర్లు తమలో తాము మాట్లాడుకుని పంచుకునే పనులను ఏ సాఫ్ట్‌వేరూ చూడలేదు.

చికెన్ ముక్క సంగతే తీసుకోండి. నాలుగు రెట్ల ధరను బ్లాక్‌చైన్‌లో రాస్తే ఏమవుతుంది? నాలుగు రెట్ల ధర చెరగకుండా, పక్కాగా, శాశ్వతంగా రాసి ఉంటుంది. అంతే. ఆ ధర ఎక్కువ అని చెప్పడానికి బజారుకు వెళ్లి వచ్చిన మనిషి కావాలి.

టెండర్‌కు ముందు, టెండర్ తర్వాత

ప్రభుత్వ పనుల్లో డబ్బు పోయే చోట్లు ప్రతి చిన్న కాంట్రాక్టర్‌కూ తెలుసు. అంచనాల్లోనే రేట్లు పెంచడం ఒకటి. ‘ఇంత టర్నోవర్ ఉండాలి, ఇలాంటి పని ఇన్ని కిలోమీటర్లు చేసి ఉండాలి’ అని ఒకే కంపెనీకి సరిపోయేలా షరతులు కుట్టడం ఇంకొకటి. పనిని ముక్కలు చేసి టెండర్ లేకుండా నామినేషన్ మీద ఇచ్చేయడం, నలుగురూ రింగై ఒకడు లెస్‌కు, మిగతావాళ్లు ఎక్సెస్‌కు వేయడం కూడా అందరికీ తెలిసినవే. పని మొదలయ్యాక అదనపు ఐటమ్స్, రివైజ్డ్ అంచనాలు వస్తాయి. ఆ తర్వాత వేయని కంకరకు ఎం-బుక్‌లో కొలతలు పడతాయి. వీటిలో సీలు వేసిన రేటు మార్చడం అన్నది ఒక్క మెట్టు మాత్రమే. బ్లాక్‌చైన్ కాపలా ఉండేది ప్రధానంగా ఆ మెట్టు దగ్గర.

ఇది మన అనుభవం చెప్పిన పాఠమే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టి దేశంలో ముందున్న రాష్ట్రాల్లో ఒకటైంది. అంతకుముందు టెండర్ పెట్టె దగ్గరకు వెళ్లనీయకుండా అడ్డుకోవడం, షెడ్యూళ్లు అమ్మకుండా తిప్పడం మామూలు. ఆన్‌లైన్ రావడంతో ఆ దాదాగిరీ చాలావరకు పోయింది. మరి ధర తగ్గిందా? భారతదేశంలో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లు, ఇండోనేషియాలో ప్రభుత్వ పనులు తీసుకుని నలుగురు ఆర్థికవేత్తలు ఈ ప్రశ్న మీదే అధ్యయనం చేశారు. 2016లో అచ్చయింది. ఈ-టెండర్ల వల్ల ప్రభుత్వం కట్టే ధర తగ్గినట్టు వాళ్లకు కనిపించలేదు. కానీ మన దగ్గర బయటి ప్రాంతాల కాంట్రాక్టర్లు గెలవడం పెరిగింది, రోడ్ల నాణ్యత మెరుగుపడింది. ఇండోనేషియాలో పనుల జాప్యం తగ్గింది.

అంటే టెక్నాలజీ దండగ అని కాదు. తలుపు తెరిచింది, మంచి పనివాడు లోపలికి రాగలిగాడు. అంచనా రాసే కలం మాత్రం పాత చేతిలోనే ఉంది.

ఆ కలం మీద నిఘా పెట్టే ప్రయత్నం కూడా ఒకటి జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెచ్చిన చట్టం ప్రకారం 100 కోట్లు, అంతకు మించిన పనుల టెండర్ పత్రాలు ముందుగా ఒక న్యాయమూర్తి పరిశీలనకు వెళ్లాలి, జనం అభిప్రాయాలు తీసుకోవాలి, ఆ తర్వాతే టెండర్ పిలవాలి. దాంతో పనులు ఆలస్యమయ్యాయా, నిజంగా డబ్బు మిగిలిందా అన్న వాదన రాజకీయ వాదనగానే మిగిలింది. ప్రభుత్వం మారింది, 2024లో ఆ చట్టాన్ని రద్దు చేశారు. ఏ పార్టీ చేసిందన్నది పక్కన పెడితే, ఆ ఆలోచన మాత్రం సరైన చోట చెయ్యి పెట్టింది. షరతులు కుట్టేది టెండర్ తెరిచే రోజు కాదు, దానికి నెలల ముందు.

ఇక టెండర్ తర్వాతి సంగతి. 2023 అక్టోబర్ 21న మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాయి. డ్యామ్ సేఫ్టీ అథారిటీ నిపుణులు వచ్చి ప్లానింగ్, డిజైన్, నాణ్యత నియంత్రణ, నిర్వహణ అన్నిట్లో లోపాలున్నాయని చెప్పారు. ఆ పని కాగితాలన్నీ బ్లాక్‌చైన్ మీద ఉన్నా ఇసుక కదలడం ఆగేది కాదు. కంప్యూటర్ మనిషి ఇచ్చిందే తీసుకుంటుంది. ఎం-బుక్‌లో ఇంజినీర్ 20 సెంటీమీటర్లు అని రాస్తే, రోడ్డు మీద 12 సెంటీమీటర్లే ఉంటే, గొలుసులో 20 అనే పడుతుంది. పైగా ఎవరూ మార్చలేని 20. అబద్ధానికి కూడా అంతే గట్టి తాళం.

అలాంటి అబద్ధం పట్టుకునే పద్ధతి మన దగ్గరే పుట్టి పెరిగింది. ఉపాధి హామీ పనుల మీద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి జరిగిన సామాజిక తనిఖీలు దేశానికి దారి చూపించాయి. ఊరి చదువుకున్న యువకులు మస్టర్లు, ఎం-బుక్‌లు తీసుకుని ఇల్లిల్లూ తిరిగేవాళ్లు. “నీ పేరు మీద ఇన్ని రోజుల కూలీ రాశారు, ముట్టిందా?” అని అడిగేవాళ్లు. చెరువు పూడిక దగ్గర టేపు పట్టి కొలిచేవాళ్లు. తర్వాత మండల స్థాయిలో అందరి ముందూ చదివి వినిపించేవాళ్లు. చనిపోయినవాళ్ల పేర్ల మీద కూలీ డ్రా చేసిన సంగతులు అలాగే బయటికొచ్చాయి. అందులో వాడిన టెక్నాలజీ మస్టర్ ప్రింటవుట్, ఒక టేపు. లోపం ఏమిటంటే ఆ రికార్డులు అడిగితే సకాలంలో ఇచ్చేవాళ్లు కాదు, ఇచ్చేలోపు దిద్దారన్న ఫిర్యాదులూ ఉండేవి. నిజంగా బ్లాక్‌చైన్ పనికొచ్చేది ఇక్కడ. పని జరిగిన రోజే కొలత, ఫోటో, బిల్లు చెరపలేని పుస్తకంలో పడి, అది ఊళ్లో ఎవరి ఫోన్‌లోనైనా కనిపిస్తే, టేపు పట్టుకున్నవాడి చేతికి బలం వస్తుంది.

ఉక్రెయిన్ గుడ్లు

బ్లాక్‌చైన్ లేకుండానే ఈ దారిలో చాలా దూరం వెళ్లిన దేశం ఉక్రెయిన్. 2014 తిరుగుబాటు తర్వాత కొందరు వాలంటీర్లు, ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ ఉక్రెయిన్ విభాగం కలిసి ‘ప్రొజోరో’ అనే టెండర్ల వేదిక కట్టారు. 2015లో పైలట్, 2016 ఆగస్టు 1 నుంచి ప్రభుత్వ సంస్థలన్నిటికీ తప్పనిసరి. దీని వెన్నెముక మామూలు డేటాబేసే. కానీ మూడు ఏర్పాట్లు చేశారు. సాఫ్ట్‌వేర్ కోడ్ బహిరంగం. టెండర్లు వేసే పోర్టల్ ఒక్కటి కాదు, పలు ప్రైవేటు పోర్టళ్లు ఒకే డేటాబేస్‌కు కలుస్తాయి కాబట్టి ఒక కంపెనీ చేతిలో గేటు ఉండదు. వేలం అయిపోగానే ఓడినవాళ్ల పత్రాలతో సహా అన్నీ జనం ముందు. ఆ వెంటనే ‘డొజోరో’ అనే నిఘా వేదిక కూడా వచ్చింది. అనుమానం ఉన్న టెండర్ల మీద ఎవరైనా ఫిర్యాదు రాయొచ్చు, స్వచ్ఛంద సంస్థలు వెంటపడతాయి.

అంత పేరున్న దేశంలో కూడా 2023 జనవరిలో గుడ్ల గొడవ అయింది. సైన్యానికి కొనే కోడిగుడ్డు ఒక్కోటి 17 హ్రివ్నియాలు అని ఒక పత్రిక బయటపెట్టింది. అప్పుడు కీవ్ దుకాణాల్లో అది 7 హ్రివ్నియాలకు దొరుకుతోంది. యుద్ధం పేరుతో రక్షణ శాఖ కొనుగోళ్లను బహిరంగ టెండర్ల నుంచి తప్పించారు. ప్రొజోరో ఎంత బాగున్నా, ఆ కాంట్రాక్టు దాని గుమ్మం ఎక్కనే లేదు. రక్షణ శాఖ సహాయ మంత్రి రాజీనామా చేశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో రక్షణ మంత్రి కూడా మారారు. ఈలోగా ఆయుధాలు కాని కొనుగోళ్ల యూనిట్ ధరలు యుద్ధ సమయంలో కూడా ప్రచురించాలని చట్టం తెచ్చారు. గుడ్డు ధర, నూనె ధర, దుప్పటి ధర, అన్నీ.

మన పోర్టళ్లలో టెండర్ ఎవరికి దక్కిందో కనిపిస్తుంది, మొత్తం ఎంతో కనిపిస్తుంది. ఆ తర్వాత అదే పనికి ఎన్నిసార్లు అంచనా పెరిగిందో, ఏ బిల్లు ఏ కొలత మీద పాసైందో, గ్యారంటీ కాలంలో రిపేరు ఎవరు చేశారో ఒకేచోట కనిపించదు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం చాలావరకు ఇవి ఎవరూ అడగకుండానే ప్రభుత్వం బయటపెట్టాల్సినవి. బ్లాక్‌చైన్ టెండర్ల పోర్టల్ ఎప్పుడు ప్రకటించినా, ప్రెస్‌మీట్‌లో అడగడానికి నాలుగు ప్రశ్నలు చాలు. కాపీ ఒకటి ప్రభుత్వం బయట ఎవరి దగ్గర ఉంటుంది? అంచనా పత్రం టెండర్‌కు ఎన్ని రోజుల ముందు అందులో పడుతుంది? నామినేషన్ పనులు, అదనపు ఐటమ్స్ కూడా అందులో ఉంటాయా? ఎం-బుక్ పేజీని ఊరి వార్డు మెంబర్ తన ఫోన్‌లో తెరవగలడా?